తీగె చెప్పిన మాట

చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట యెట్టిదో మా యింట నేను చూచితిని. సోదర విద్యార్థులకు ఉపయోగపడునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యిల్లు శంషాబాదు పాత యూరిలో నున్నది. 2008వ సంవత్సరము మార్చి నెలలో ఇచ్చట విమానాశ్రయము తెఱవబడిన పిమ్మట మా వీధిలో బాడుగకు వచ్చువారు హెచ్చిరి. మా నాయనయు మేడమీఁద రెండు గదులు కట్టించెను. ఇల్లు పెరిగెను గాని గోడలోని తీగె పెరుగలేదు. తాతగారి కాలమున రెండు దీపములకును ఒక పంకాకును వేసిన సన్నని తీగెమీఁదనే ఏసీయు, ఫ్రిజ్జును, ఇస్త్రీపెట్టెయు నడువసాగెను.

తీగెలో ప్రవాహము రెండింతలైనచో పుట్టెడి వేఁడి నాలుగింతలగునని పాఠములో మనము చదివినదే. ఆ వేఁడికి పైతొడుగు మెత్తబడి పగులును. లోని తీగెలు రెండును ఒకదానినొకటి తాఁకినచో షార్టు సర్క్యూటగును. అంతకు మునుపే తాను కరఁగి ప్రవాహమును త్రెంచుటయే ఫ్యూజు ధర్మము. మా ఫ్యూజు మాటిమాటికి కాలిపోవుచుండఁగా విసిగి, దానిలో లావుపాటి రాగితీగె చుట్టితిమి. కావలివాని నోరు నొక్కి దొంగల బెడద తీఱెనని సంతసించినట్లాయెను.

రెండవ దోషము వదులు అతుకు. మెట్లక్రింది ప్లగ్గులో మరలు వదులై చిటచిట చప్పుడును, కాలిన వాసనయు వచ్చుచుండెను. కొంచెము కదిపినచో నిలిచెడిది, మేమును మఱచెడివారము.

మూడవది మిక్కిలి ఘోరము. గత వేసవిలో మా కూలరు మూడు కాళ్ల ప్లగ్గు గోడలోని బోర్డునకు సరిపడలేదని రెండు కాళ్లది తగిలించితిమి. దానితో ఎర్తింగు తీగె వ్యర్థమైపోయెను. ఒకనాఁడు నీరు పోయుచు రేకును తాఁకఁగా నా వ్రేళ్లు జివ్వుమనెను. తడిచేయి గదా యని తలఁచి యెవరితోను చెప్పనైతిని. నాలుగు దినముల తరువాత మా చెల్లెలు స్నానము చేసి తడికాళ్లతో వచ్చి, కూలరు పట్టుకొని కేక వేసెను. చేయి విడిపడలేదు. అమ్మ లాగఁబోవఁగా "ముట్టకే! నీవును పోదువు!" అని నాయనమ్మ ఆమె కొంగు పట్టి యాపెను. నేను పరుగెత్తి మెయిను స్విచ్చి దించితిని. దైవవశమున పిల్ల బ్రదికెను. అరచేతిలో మచ్చ మాత్రము మిగిలినది.

మఱునాఁడు మేస్త్రి వచ్చి కూలరు విప్పి చూపెను. నీటిపంపు తీగె తొడుగు శిథిలమై, లోని రాగి రేకునకు తాఁకుచుండెను. "మఱి ఫ్యూజు ఏల కాలలేదు?" అని యడిగితిని. "అది తీగెలను కాచును గాని మనిషిని కాచదు, బాబూ" అనెను. లెక్క చూచినచో నిజమే. మనిషి ప్రాణమునకు 30 మిల్లీ ఆంపియర్లే ముప్పు. సరియైన 16 ఆంపియర్ల ఫ్యూజైనను, అంతకు 500 రెట్లకు పైగా ప్రవహించిన గాని కరఁగదు. ఆ కొద్దిపాటి ప్రవాహము దారితప్పినను పసిగట్టి క్షణములో నాఁపెడి ఆర్.సి.సి.బి. యను సాధనము ఇప్పుడు మా మెయిను చెంత నున్నది. ఎర్తింగు క్రొత్తగా వేయించితిమి. ఏసీకి వేఱుగా లావు తీగె లాగించితిమి.

2025 మే 18వ తేదీ యుదయమున చార్మినారు చెంత గుల్జార్ హౌజులో నొక యింట అగ్ని రగిలి 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పిల్లలు. షార్టు సర్క్యూటు కారణమని అధికారులు తొలుత చెప్పిరి. ఆ వార్త జ్ఞప్తికి వచ్చి, నాయన మెట్లక్రింది ప్లగ్గును గూడ ఆనాఁడే మార్పించెను.

తీగె చెడినచో వాసనతోనో, చప్పుడుతోనో, జివ్వుమను స్పర్శతోనో తఱచుగా మనకు ముందే చెప్పును. ఆ మాట విని నేను దాఁచితిని. చెల్లెలి యరచేయి చూచినప్పుడెల్ల ఆ నాలుగు దినములు నన్ను బాధించును. సోదరులారా, మీ యింట నట్టి మాట వినఁబడినచో ఆనాఁడే పెద్దలతో చెప్పుఁడు.