తళతళలాడే తొట్టె వెనకాల



మా వెనక వసారాలో మూడు పాత టాప్ లోడ్ వాషింగ్ మిషన్లు ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. పైన మూత తీసి బట్టలు వేసే ఆటోమేటిక్ మిషన్లు అమెరికాలో 1947 నాటికే అమ్మకానికి వచ్చాయి. నేనేమో నాగావళి రేవులో బండమీద బట్టలుతికిన మా అమ్మ చేతుల పగుళ్లు చూసి పెరిగినవాణ్ణి. అందుకే కాబోలు, పాత ఇనప సామాన్ల కొట్లో ఇలాంటిది కనబడితే వదిలి రాలేను.

మొన్న శ్రీకాకుళంలో కొన్నదాన్ని విప్పాను. బట్టలు వేసే స్టీలు తొట్టె తళతళలాడుతోంది. అడుగున తిరిగే పల్సేటర్ తీసి, దాని కింది పెద్ద నట్టు విప్పి, తొట్టెను పైకి లాగేసరికి ముక్కు మూసుకోవలసి వచ్చింది. దాని చుట్టూ నీళ్లు నిలిపే ప్లాస్టిక్ తొట్టె మరొకటి ఉంటుంది. ఆ రెంటి మధ్య ఏళ్లనాటి సబ్బు మడ్డి, నూలు పీచు, ఉప్పునీటి సున్నం గడ్డకట్టి ఉన్నాయి. ఇంటిల్లిపాది మురికీ వదిలించిన మిషన్ తన మురికిని ఎవరికీ కనబడనిచోట దాచుకుంది.

చెంచాతో గీకుతుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు. పొలం గట్టు తగాదాతో రెండేళ్లుగా మాటల్లేవు. ఎందరి ఇళ్లలోనో రాజీ కుదిర్చినవాణ్ణి నేను! చేతులు కడుక్కొని ఫోన్ చేశాను.

"ఏటన్నయ్యా, ఇన్నాళ్లకి?" అన్నాడు.

గట్టు సంగతి ఇంకా తేలలేదు. ఆదివారం భోజనానికి మాత్రం వస్తానన్నాడు.

మీ ఇంట్లో మిషన్ ఉంటే నెలకోసారి బట్టలు వేయకుండా వేడినీళ్లతో తిప్పండి. తక్కిన సంగతి మీకే తెలుసు.