పాలకుని వరం, పియానో స్వరం

రాజ్యం కళాకారులకు ఏమిచ్చింది అన్న చర్చ మన దేశంలో తరచూ జరుగుతుంది. ఇచ్చినదానికి బదులుగా ఏమడిగింది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఈ రెండో ప్రశ్నను ఆలోచించడానికి ఒక పాత రికార్డు పనికొస్తుంది. 1960 జులైలో జర్మనీలోని హానోవర్ నగరంలో, బేథోవెన్ పేరు పెట్టుకున్న ఒక హాలులో, పందొమ్మిదేళ్ళ అర్జెంటీనా యువతి మార్తా ఆర్గెరిచ్ తన మొట్టమొదటి సోలో పియానో రికార్డును డాయ్చ గ్రామోఫోన్ కంపెనీ కోసం వాయించారు. మరుసటి సంవత్సరం విడుదలైన ఆ రికార్డును ఈనాటికీ పియానో విద్యార్థులు వెతుక్కుని మరీ వింటారు. అయితే ఆమె ఆ హాలు దాకా చేరడం వెనుక ఒక దేశాధ్యక్షుడి సంతకం ఉంది.

ఆర్గెరిచ్ 1941లో బ్యూనస్ ఎయిరెస్‌లో జన్మించారు. ఇటలీ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన విన్చెంజో స్కరముత్సా అనే కఠినుడైన గురువు వద్ద చిన్ననాడే శిక్షణ పొందారు. ఎనిమిదేళ్ళ వయసుకే ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీలు చేశారు. పన్నెండు పదమూడేళ్ళ ప్రాయంలో ఆమెను అప్పటి అధ్యక్షుడు హ్వాన్ పెరోన్ సమక్షానికి తీసుకువెళ్ళారు. ఏం కావాలని ఆయన అడిగితే, వియన్నా వెళ్ళి ఫ్రీడ్రిష్ గుల్డా వద్ద నేర్చుకోవాలని ఉందని ఆ బాలిక చెప్పింది. పక్కనే ఉన్న తల్లి, కృతజ్ఞతగా కాబోలు, తమ అమ్మాయి ప్రభుత్వానికి దగ్గరైన విద్యార్థి సంఘం కోసం సంతోషంగా కచేరీ చేస్తుందని అనేసింది. అమ్మాయి ముఖం చిట్లించింది. పెరోన్ అది గమనించారు, అర్థం చేసుకున్నారు, పట్టుబట్టలేదు. ఈ సంగతిని ఆర్గెరిచ్ స్వయంగా తరువాతి కాలంలో చెప్పుకున్నారు. తాను పెరోన్ పక్షానికి చెందినదాన్ని కానని కూడా దాచుకోలేదు. కొద్దికాలంలోనే ఆమె తండ్రికీ, తల్లికీ వియన్నాలోని రాయబార కార్యాలయంలో ఉద్యోగాలు వచ్చాయి. 1955లో కుటుంబం అట్లాంటిక్ దాటింది.

ఈ కథను ఇక్కడే ఆపితే పెరోన్ సహృదయుడైన కళాపోషకుడిగా మిగిలిపోతాడు. కానీ అదే పాలకుడి హయాంలో, 1951లో, 'లా ప్రెన్సా' అనే ప్రతిష్ఠాత్మక దినపత్రికను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. పెరోన్‌ను వ్యతిరేకించిన రచయిత బోర్హెస్ 1946లో మునిసిపల్ గ్రంథాలయంలోని తన కొలువును వదులుకోవలసి వచ్చింది. తనను కోళ్ళ తనిఖీదారుగా నియమించి అవమానించారని ఆయన చెప్పుకున్నారు. ఒక చేత్తో ఒక బాలికకు వియన్నా దారి చూపించి, మరో చేత్తో ఒక రచయితను పుస్తకాల మధ్య నుంచి తరిమిన రాజ్యం అది. రెండు చేతులూ ఒకే మనిషివి. ఈ వైరుధ్యాన్ని మరచిపోయి వరాన్ని మాత్రమే పొగడడం చరిత్రకు అన్యాయం. వరం పొందిన బాలికను అనుమానంగా చూడడం అంతకన్నా పెద్ద అన్యాయం.

ఆ వరం ఇచ్చినవాడికి దక్కినది ఏమీ లేదు. 1955 సెప్టెంబరులో సైన్యం పెరోన్‌ను గద్దె దించింది. ఆయన ప్రవాసం పోయారు. ఆ సమయానికి ఆర్గెరిచ్ వియన్నాలో తనకన్నా పదకొండేళ్ళు మాత్రమే పెద్దవాడైన గుల్డా ముందు కూర్చుని ఉన్నారు. గుల్డా పాఠాలను టేపు మీద రికార్డు చేసి, ఆమె వాయించినది ఆమెకే వినిపించి, ఎక్కడ ఏం లోపించిందో ఆమె చేతనే చెప్పించేవారు. గురువు తీర్పుకు తలవంచడం కాక, తన చెవికి తానే జవాబుదారీ కావడం ఆ విద్య. 1957లో మూడు వారాల వ్యవధిలో ఇటలీలోని బోల్జానోలో బుసోనీ పోటీనీ, జెనీవా పోటీనీ పదహారేళ్ళ వయసులో గెలిచారు. మూడేళ్ళ తరువాత వచ్చింది హానోవర్ పిలుపు.

ఆ రికార్డులో షోపాన్ మూడవ స్కెర్జో, బార్కరోల్, బ్రామ్స్ రెండు రాప్సొడీలు, ప్రోకోఫియెవ్ టొకాటా, రవెల్ నీటి ఆటల చిత్రం, లిస్ట్ ఆరవ హంగేరియన్ రాప్సొడీ ఉన్నాయి. ప్రోకోఫియెవ్ రచన ఒకే స్వరం మీద సమ్మెట దెబ్బల వలె మొదలై యంత్రం వలె పరుగెత్తుతుంది. అనేకుల చేతుల్లో అది యంత్రంగానే మిగిలిపోతుంది. ఆర్గెరిచ్ చేతుల్లో ఆ వేగానికి ఊపిరి ఉంది. లిస్ట్ రాప్సొడీ చివర కుడిచేయి అష్టకాల వర్షం కురిపించే చోట ఆమె తడబడదు, అలాగని తన శక్తిని ప్రదర్శనకు పెట్టినట్టూ అనిపించదు. షోపాన్ స్కెర్జోలో ప్రార్థనాగీతం వంటి పంక్తుల మధ్య పైనుంచి జల్లుగా జారే స్వరాలు, రవెల్‌లో ఫౌంటెన్ తుంపరలు, బార్కరోల్‌లో పడవ ఊగుతున్న లయ, ఇవన్నీ ఒకే వ్యక్తి చెప్పుకుంటున్న మాటల వలె వినిపిస్తాయి. ఎవరినో మెప్పించాలన్న ఆత్రుత ఎక్కడా కానరాదు. అధ్యక్షుడి ముందు ముఖం చిట్లించిన బాలికే ఇక్కడా ఉంది.

హానోవర్‌తో భారత ఉపఖండానికీ ఒక పాత బంధం ఉంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేసినప్పుడు ఆ ముద్రలు ఓడలో ప్రయాణించి హానోవర్ కర్మాగారంలోనే రికార్డులుగా అచ్చయ్యాయి. డాయ్చ గ్రామోఫోన్ పుట్టిన ఊరు అదే. పాట చివర తన పేరు తానే ప్రకటించుకున్న గౌహర్ జాన్ కూడా జీవితపు చివరి అంకంలో మైసూరు మహారాజు కొలువులో ఆశ్రయం వెతుక్కోవలసి వచ్చింది. 1930లో అక్కడే మరణించారు. రికార్డు కళాకారిణికి కీర్తిని ఇచ్చింది కానీ భద్రతను ఇవ్వలేదు. సంస్థానాలు పోయాక ఆ బాధ్యత ఆకాశవాణికీ, అకాడమీలకూ వచ్చింది. దర్బారు మారింది గానీ, దర్బారులో నిలబడే భంగిమ చాలాచోట్ల మారలేదు.

ఆర్గెరిచ్ కథలో మరొక మలుపు ఉంది. రికార్డు విజయం తరువాత కంపెనీలూ, కచేరీ నిర్వాహకులూ ఆమె ముందు బారులు తీరవలసిన కాలంలో ఆమె వెనక్కి తగ్గారు. ఇటలీలో మికెలాంజెలి వద్ద ఏడాదిన్నర ఉండి నాలుగంటే నాలుగు పాఠాలు నేర్చుకున్నారు. ఆపైన దాదాపు మూడేళ్ళు పియానోకు దూరమయ్యారు. భాషలు తెలుసు కనుక సెక్రటరీ ఉద్యోగం చేసుకుందామని కూడా అనుకున్నారు. పాలకుడికి చెల్లించని మూల్యాన్ని విపణికి కూడా చెల్లించడానికి ఆమె సిద్ధపడలేదని దీన్ని చదువుకోవచ్చు. అయితే ఆ మౌనం సుఖమైనది కాదు. అందులో భయమూ, నిరాశా ఉన్నాయి. 1965లో వార్సాలో షోపాన్ పోటీ గెలిచి ఆమె తిరిగి వచ్చారు. 1980లో అదే పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్ళి, ఇవో పొగొరెలిచ్ అనే యువకుడిని తుది అంచెకు ముందే తప్పించినందుకు నిరసనగా ఆ బాధ్యతను వదిలి బయటకు వచ్చారు. ఇతరుల స్వేచ్ఛ కోసం నిలబడడం కూడా ఆమెకు తెలుసు.

ఒక్క ప్రశ్న మిగులుతుంది. పెరోన్ ముందుకు చేరలేకపోయిన బ్యూనస్ ఎయిరెస్ పిల్లల సంగతేమిటి? వారిలో ఎవరి చేతుల్లో ఏ సంగీతం ఉండేదో ఎవరికీ తెలియదు. వరం ఎంత ఉదారమైనదైనా వరమే. దాన్ని పొందడానికి ఎవరో ఒకరు తీసుకువెళ్ళాలి, తలుపు తెరవాలి, పాలకుడు ఆ రోజు మంచి మనసుతో ఉండాలి. హక్కుకు ఇవేవీ అక్కర్లేదు. కనుక ఏ ప్రభుత్వ సాంస్కృతిక విధానాన్నైనా రెండు కొలతలతో తూచాలి. పిలుపు లేని బిడ్డకు ఆ తలుపు తెరుచుకుంటుందా? లోపలికి వెళ్ళిన బిడ్డ ముఖం చిట్లించినా సాయం ఆగకుండా ఉంటుందా? పెరోన్ ఆ ఒక్క రోజు రెండో పరీక్షలో నెగ్గారు, మొదటిదానిలో ఓడిపోయారు. నేటి మన పాలకుల్లో ఎందరు కనీసం ఒక్కదానిలోనైనా నెగ్గుతారో పాఠకులే లెక్క వేసుకోవాలి.