మళ్లీ ఎప్పుడు?

సూర్యాపేటలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, స్పైక్ కొట్టి నేలమీదికి దిగిన ప్రతిసారీ మోకాలిచిప్ప కింద పోటు. డాక్టరు రెస్టన్నాడు. "ఆడపిల్లవు, ఇగ ఎగురుడు బంద్ జెయ్ బిడ్డా" అంది అమ్మ. రెండూ ఒకే మాటనుకున్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత ఫిజియోథెరపిస్టు నన్ను 25 డిగ్రీల వాలుచెక్క ఎక్కించింది. నొప్పి ఉన్న కాలిమీదే బరువంతా మోపి మెల్లగా కిందికి వంగాలి; లేచేటప్పుడు రెండో కాలి సాయం తీసుకోవాలి. సాగుతూ బరువు మోయడం టెండాన్‌కు అలవాటు కావాలట. పరిశోధన బుద్ధి ఊరుకోదుగా, వెతికాను. 2005లో అచ్చయిన నార్వే అధ్యయనంలో, సీజన్లో ఆడుతూనే 12 వారాలు ఇది చేసిన వాలీబాల్ క్రీడాకారులకు గుణం కనిపించలేదు. అంటే, ఆట ఆపమనడంలో తప్పులేదు. మళ్లీ ఎప్పుడు ఎగరాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

15 చొప్పున మూడు విడతలు, రెండు పూటలా. గుమ్మంలో కూర్చుని అమ్మ లెక్కపెడుతోంది.