గార్డుగారి పెట్టె

బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి తెలుగు మాట కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉపాధికై తరలివచ్చిన తెలుగువారి సంతతి నేటికీ ఇక్కడ నివసిస్తున్నది. 2003లో ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమయింది.

అటువంటి ఒక ఇంట తలుపు పక్కనే నల్లని ఇనుప పెట్టె ఒకటున్నది. గార్డుగా పనిచేసిన ఇంటి పెద్ద, ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, డిటొనేటర్లు సర్దుకొని రైలెక్కే తన డ్యూటీ పెట్టె నమూనాలోనే దీనిని చేయించాడు. ఆయన గతించినా పెట్టె నిలిచింది.

ఆయన ఇల్లాలిది దివిసీమ. 1977 నవంబరు 19నాటి ఉప్పెన ఆమె పుట్టింటిని ఊడ్చుకుపోయింది. ఆనాటి నుండి ఆమె మంచినీళ్లు, అటుకులు, బెల్లం, టార్చిలైటు, మందులు, కొంత చిల్లర, ప్లాస్టిక్ సంచిలో రేషన్ కార్డు, పింఛను కాగితాలు ఒకచోట ఉంచుతున్నది. ఆరు నెలలకొకమారు పాతవి తీసి కొత్తవి పెడుతుంది.

“ఇక్కడ సముద్రమేది నాయనమ్మా?” అని మనుమడు నవ్వాడు.

“అర్పా నది పొంగదా? ఇంటికి నిప్పంటుకోదా? కదలమన్నాక వెదుక్కోకూడదు నాయనా.”

మూత లోపల అంటించిన జాబితా తెలుగులో ఉన్నది. హిందీ బడిలో చదివే ఆ పిల్లవానికి అది చదవరాదు. ఆ వేళకు తాను ఇంట లేకపోతే? ఆమెకు ఆ ఆలోచన అప్పుడే తోచింది. ఆమె చదువుతుండగా అతడు హిందీలో వ్రాసుకున్నాడు. చివరి మాట: ఫొటోలు.

“అవెందుకు?”

“ఉప్పెనలో పోయిన మా తమ్ముడిది ఒక్కటీ మిగలలేదురా.”

అతడు కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టాడు. ఈమారు ఫొటోలు మొదటి వరుసలో వచ్చాయి.