ట్రంకు పెట్టెలో బంతి

బ్రూనోని నా దగ్గరికి తెచ్చింది బంతి పిచ్చి కోసం కాదు, కుంటుతున్నాడని. నాలుగేళ్ల లాబ్రడార్, 36 కిలోలు. తెచ్చినాయన రిటైరైన లెక్కల మాస్టారు. కుడి వెనక కాలు నేలకి ఆనీ ఆననట్టు పెడుతున్నాడు. కాలు పట్టుకునే ముందు అలవాటుగా నోరు తెరిచి చూశాను. నాలుగు కోరపళ్లూ ఆకురాయి పెట్టి రాసినట్టు మొనలు అరిగిపోయి ఉన్నాయి.

“టెన్నిస్ బంతి ఆడతాడా మాస్టారూ?”

ఆయన మొహం వెలిగిపోయింది. “రెండొందల సార్లు విసిరినా అలసిపోడండీ. నా చెయ్యి లాగి నేను ఆపాలి తప్ప వాడు ఆపడు.”

టెన్నిస్ బంతి మీది నూగు మెత్తగానే కనిపిస్తుంది. దాంట్లో ఇసుక, దుమ్ము పట్టాక రోజూ గంటసేపు నోట్లో నలిగితే పంటిని తినేస్తుంది. ఇక మోకాలు. పరుగెత్తి, గాల్లోకి ఎగిరి, మెలి తిరిగి ఒంటికాలి మీద దిగడం రోజుకి వందసార్లు. కుక్కల్లో మోకాలి లోపలి లిగమెంటు చాలావరకు ఒక్క దెబ్బకి తెగదు. లోపల్లోపల పీచుపీచుగా అరుగుతూ వచ్చి ఒకనాడు పుటుక్కుమంటుంది. బ్రూనోకి జరిగింది అదే.

అలసిపోడన్న మాట మాస్టారు గర్వంగా అన్నారు. ఆ గర్వంలో మా డాక్టర్ల వాటా కూడా ఉంది. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, కుక్క ఇంట్లో కుదురుగా ఉండటం లేదనీ సోఫాలు కొరుకుతోందనీ ఎవరొచ్చినా నేను ఒకటే చెప్పేవాణ్ణి: “బాగా బంతి ఆడించండి, అలసిపోతే అదే పడుకుంటుంది.” చాలా కుక్కలకి అది పనికొచ్చే సలహాయే. మా వీధిలో తిరిగే నల్లకుక్కకి బంతి వేస్తే ఒకసారి తెస్తుంది, రెండోసారి వాసన చూస్తుంది, మూడోసారి నీడకి పోయి పడుకుంటుంది. దానికి ఆట ఆటే. కానీ కొన్ని కుక్కలకి నేను చెప్పిన మందే జబ్బయింది. రోజూ గంట పరుగెత్తించిన కుక్క కొన్నాళ్లకి గంట పరుగుకి అలవాటు పడుతుంది. కండ బలుస్తుంది, దమ్ము పెరుగుతుంది. గంటన్నర అడుగుతుంది. మనం అలసటని పెంచుతున్నామనుకుంటూ ఓపికని పెంచుతున్నాం. ఇది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ లోపల నా మాట విన్నవాళ్ల కుక్కల్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మాస్టారి భార్య అప్పటిదాకా బ్రూనో తల నిమురుతూ నిలబడి ఉన్నారు. “ఇంట్లో ఎలా ఉంటాడమ్మా?” అని అడిగాను.

“ఇంట్లో ఉండడండీ. అల్మరా కింద ఉంటాడు” అన్నారామె.

బంతిని అల్మరా మీద పెడతారట. పొద్దుటి ఆట అయిపోయాక బ్రూనో దాని కింద కూర్చుని మెడ నిక్కించి పైకే చూస్తూ సన్నగా మూలుగుతాడట. గిన్నెలో కోడి ముక్కలు వేస్తే రెండు కతికి మళ్లీ అక్కడికే. చుట్టాలొస్తే వాళ్ల ఒళ్లో తడి బంతి పడుతుంది. మనవడొచ్చి మెడ కౌగిలించుకుంటే, వాడి భుజం మీదుగా కూడా అల్మరానే చూస్తాడట. ఆమె ఇదంతా ఫిర్యాదులా చెప్పలేదు. చెల్లెలి కొడుకు చెడు సావాసాల్లో పడ్డాడని చెప్పేటప్పుడు ఉండే దిగులు ఆ గొంతులో ఉంది.

ఈ బంతి పిచ్చి ఎక్కణ్ణించి వస్తుంది? తోడేలు వేటలో వరసగా కొన్ని మెట్లుంటాయి: పసిగట్టడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం, తినడం. మనిషి తన అవసరం కొద్దీ ఒక్కో జాతిలో ఒక్కో మెట్టుని పెంచి మిగతావాటిని తగ్గించాడు. గొర్రెల్ని మళ్లించే బోర్డర్ కోలీలో చూపు, పొంచడం, తరమడం మిగిలాయి. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట ఉన్న నీటికుక్కల నుంచి బ్రిటన్ వేటగాళ్లు తీసిన లాబ్రడార్‌కి పట్టడం, నలపకుండా మోసుకొచ్చి చేతికివ్వడం వచ్చాయి. అయితే ఆ వేటలో కుక్క రోజంతా పరుగెత్తేది కాదు. చాలాసేపు యజమాని పక్కన చప్పుడు చెయ్యకుండా కూర్చునేది. బాతు ఎక్కడో తుప్పల్లో పడితే వాసన పట్టుకుని వెతికేది. పొద్దుగుంకితే వేట ముగిసేది. మనం ఆ బతుకులోంచి పరుగొక్కటే తీసుకున్నాం. కాచుకోవడం, వెతకడం, ముగియడం వదిలేశాం. పట్టిన బంతి కడుపు నింపదు. చేతికి తెచ్చిస్తే మళ్లీ ఎగిరిపోతుంది.

మెదడు లోపలి సంగతి కూడా ఇలాంటిదే. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఒక విషయం బయటపడింది. పళ్లరసం వస్తుందని సూచించే గుర్తుకి కోతి అలవాటు పడ్డాక, డోపమిన్ కణాలు రసం తాగేటప్పటికన్నా ఆ గుర్తు కనబడగానే ఎగసిపడతాయి. బ్రూనోకి ఆ గుర్తు మాస్టారి చెయ్యి పైకి లేవడం. బంతి నోటికందేసరికి ఆ ఉధృతి అయిపోతుంది. అందుకే తెచ్చి కాళ్ల దగ్గర పడేసి, మళ్లీ చేతివంకే చూస్తాడు. 2025లో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా పరిశోధకులు ఆటవస్తువులంటే ప్రాణం పెట్టే కుక్కలు 105ని తీసుకుని, వాటి బొమ్మని అందకుండా పెట్టి చూశారు. 33 కుక్కలు తిండినీ, మనిషితో ఆటనీ పెద్దగా పట్టించుకోకుండా, ఆ అందని బొమ్మ చుట్టూనే తిరిగాయి. మనుషుల్లో వ్యసనమనే దాని పోలికలు వాటిలో ఉన్నాయని వాళ్లు రాశారు. బ్రూనోని చూసిన నా కళ్లకి అది వింతగా అనిపించలేదు.

మాస్టారికి నేను రెండేళ్ల కిందటి సంగతి కూడా చెప్పాను. మే నెల, సాయంత్రం అయిదు. ఎండ తగ్గిందనుకుని ఒకతను తన లాబ్రడార్‌తో గ్రౌండులో అరగంట బంతి ఆడాడు. మా విజయవాడలో మే నెల అయిదింటికి నేల ఇంకా సెగ కక్కుతూనే ఉంటుంది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే ముఖ్యమైన దారి. నోట్లో బంతి ఉంటే ఆ దారీ సగం మూసుకుంటుంది. మామూలు కుక్క అయితే ఒళ్లు కాలగానే కూలబడేది. ఇది పడిపోయేదాకా తెస్తూనే ఉంది. నా దగ్గరికి వచ్చేసరికి ఒంటి వేడి 108 డిగ్రీలు. కుక్కకి 101, 102 మామూలు. రాత్రంతా సెలైన్లు పెట్టాం. తెల్లవారేసరికి రక్తం గడ్డకట్టే గుణం పోయి, చిగుళ్లలోంచి నెత్తురు కారింది. ఏడింటికి పోయింది. అక్కడే గ్రౌండు కుళాయి కింద తడిపి, గాలి విసిరి, ఆ తర్వాత కారెక్కించి ఉంటే బతికే అవకాశం ఉండేది. ముందు చల్లబరచాలి, తర్వాతే బయల్దేరాలి. అప్పట్నించి వేసవి రాగానే వచ్చిన ప్రతివాళ్లకీ ఈ మాట చెబుతున్నాను. కుక్క తానుగా ఆగుతుందని నమ్మకండి, ఆపాల్సింది మీరే అని కూడా.

బ్రూనోని ఆపరేషన్‌కి హైదరాబాద్ పంపాను. తర్వాత 12 వారాలు పరుగు లేదు, గొలుసు మీద నెమ్మదిగా నడకే. ఆ 12 వారాలూ బంతికి దూరం చెయ్యడానికి దొరికిన అదృష్టం అనుకుందామన్నాను. మొదటి పని, బంతి కళ్లకి కనబడకూడదు. అల్మరా మీద ఉంటే రోజంతా ఊరిస్తూనే ఉంటుంది. మాస్టారి భార్య పెళ్లినాటి ట్రంకు పెట్టెలో వేసి తాళం పెట్టారు. గిన్నెలో తిండి మానేశాం. కొబ్బరి పీచు పట్ట మీద చల్లడం, పాత దుప్పటి మడతల్లో చుట్టడం, పెరట్లో జామచెట్టు కింద గడ్డిలో దాచడం. ముక్కుతో వెతికే పని కుక్కని అలిసేట్టు చేస్తుంది, కానీ రెచ్చగొట్టదు.

మొదటి వారం నరకమే. అడిగితే వస్తుందనుకున్నది రాకపోతే ఏ ప్రాణి అయినా ముందు ఇంకా గట్టిగా అడుగుతుంది. రాత్రి రెండింటికి ట్రంకు పెట్టె గోకాడు. తొమ్మిదో రోజు మాస్టారు ఫోన్ చేశారు. “మనవడు జాలిపడి ఒక్కసారి దొర్లించాడండీ, ఒక్కసారే.” ఆ ఒక్కసారి ఎంత చేటో ఆయనకి వివరించాల్సి వచ్చింది. పేకాటలో కూర్చున్నవాణ్ణి లేవనివ్వనిది ఎప్పుడూ గెలవడం కాదు, ఎప్పుడో ఒకసారి గెలవడం. పదిసార్లు కాదని పదకొండోసారి విసిరితే, పదకొండుసార్లు అడగాలని నేర్పినట్టు. ఇంట్లో అయిదుగురుంటే అయిదుగురూ ఒకే మాట మీద ఉండాలి. లెక్కల మనిషి కాబట్టి ఆయనకి చప్పున అర్థమైంది.

కాలు బాగయ్యాక బంతిని తిరిగి ఇచ్చాం. ఇవ్వకూడదనే డాక్టర్లున్నారు. కొన్ని కుక్కలకి అదే సరి. అపార్ట్‌మెంటులో పెరిగిన ఒక బోర్డర్ కోలీ బంతితో మొదలై లేజర్ లైటుకీ, అక్కణ్ణించి గోడ మీద చేతి గడియారం తళుకుకీ వెళ్లింది. దానికి బంతి, లైటు అన్నీ ఆపి, ఫ్లూయోక్సెటిన్ అనే మందు రాసి, నెలన్నర ఆగితే గాని తేడా కనబడలేదు. బ్రూనోకి అంత అవసరం లేదనిపించింది. పైగా ఆ పరుగు వాడి రక్తంలోది. దాన్ని పూర్తిగా లాక్కునే హక్కు మనకుందా అన్న సంకోచం నాకెప్పుడూ ఉంది.

ఇచ్చింది నూగు లేని రబ్బరు బంతి, గొంతులో ఇరుక్కోనంత పెద్దది. రోజుకి ఆరుసార్లు. పైకి ఎగరేయకుండా నేల మీద దొర్లించాలి. బంతి ఆగేదాకా బ్రూనో కూర్చోవాలి, చెప్పాకే వెళ్లాలి. రెండుసార్లు విసరకుండా గడ్డిలో దాచి వెతికించాలి. అడిగినప్పుడు కాదు, మాస్టారు అనుకున్నప్పుడు. ఆరు అవగానే రెండు చేతులూ ఖాళీగా చూపించి “అయిపోయింది” అని ఒకే ఒక్కసారి చెప్పి, గడ్డిలో గుప్పెడు తిండి చల్లి, బంతిని జేబులో వేసుకోవాలి.

“ఏడోది ఎప్పుడైనా విసిరారా?” అని మూడు నెలల తర్వాత అడిగాను.

“లేదండీ. నా చెయ్యి కూడా అలవాటు పడింది” అన్నారాయన.

కుట్ల మచ్చ మీద వెంట్రుకలొచ్చాయి. బరువు 33కి దిగింది. మధ్యాహ్నాలు అమ్మగారు బియ్యం ఏరుతుంటే ఆమె దగ్గరే పక్కకి ఒరిగి పడుకుంటున్నాడట. ట్రంకు పెట్టె ఉన్న గది దాటేటప్పుడు మాత్రం ఇప్పటికీ గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి లోపలికి చూస్తాడట. తర్వాత వంటింటి వైపు వెళ్లిపోతాడట.