మూడు నాజిళ్లు, నాలుగు వాషర్లు

మా శ్రీరాంపూర్‌లో ఇంజన్ల మాట రాని ఇల్లు తక్కువ. బావుల్లోకి దిగేవాళ్లు కొందరు, ఓపెన్‌కాస్టులో డంపర్లు నడిపేవాళ్లు కొందరు, వాటిని బాగుచేసేవాళ్లు ఇంకొందరు. మా ఆయన ఈ మూడో రకం. ఓసీలో ఈపీ ఫిట్టర్. 60 టన్నుల డంపర్లు, 100 టన్నుల డంపర్లు ఆయన చేతుల మీదుగా పోతుంటాయి. డ్యూటీ బట్టల మీది గ్రీజు మరకలు ఉతకడం తప్ప ఆ ఇంజన్లతో నాకెప్పుడూ పని పడలేదు. పోయిన మే నెలాఖరులో పడింది. మా మరిది ట్రాక్టర్ హెడ్ గ్యాస్కెట్ పోయి, మూడు రోజులు మా ఇంటి ముందు వేపచెట్టు కింద విప్పి ఉంది.

ఆ ట్రాక్టర్ మా ఇంట్లో ఉత్త బండి కాదు, ఒక వాటా. సింగరేణి ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. మామయ్య బాయిలో పనిచేసి, ఊపిరి ఆడక మెడికల్ అన్‌ఫిట్ అయ్యారు. డిపెండెంటు ఉద్యోగం ఒక్క కొడుక్కే వస్తుంది. పెద్దవాడని మా ఆయనకు ఇప్పించారు. మామయ్యకు చేతికొచ్చిన గ్రాట్యుటీ డబ్బులతో చిన్నవాడికి ట్రాక్టర్ కొనిచ్చారు. అప్పట్లో అందరికీ న్యాయంగానే అనిపించింది. కానీ ఉద్యోగం ఏటేటా పెరుగుతుంది, ట్రాక్టర్ ఏటేటా అరుగుతుంది. బదిలీ ఫిల్లర్‌గా చేరిన మా ఆయన ఫిట్టర్ అయ్యారు. మరిది మాత్రం ఇందారం దిక్కు ఊళ్లల్లో కిరాయి దుక్కులు దున్నుకుంటూ, అదే ట్రాక్టర్ మీద ఉన్నాడు.

మొన్నటి దసరాకు లాభాల వాటా పడ్డప్పుడు అన్నదమ్ములకు మాటా మాటా వచ్చింది. "నీకేందన్నా, నెల తిరిగితే జీతం. నా బతుకు గా ఇంజన్ల ఉన్నది" అన్నాడు మరిది. "ఇంజన్‌ను సంపినవ్ నువ్వు. ఓవర్‌లోడ్ గొడితే గట్లనే పొగ గక్కుతది" అన్నారు ఈయన. అంతే. ఆ తర్వాత ఇద్దరూ ఒకరింటికి ఒకరు వస్తున్నారు, పోతున్నారు, తింటున్నారు. మాట్లాడుకోవడం మాత్రం అత్తమ్మ ద్వారానో, నా ద్వారానో, మా యారాలి ద్వారానో.

రోహిణి కార్తెలో ట్రాక్టర్ ఆగిపోయింది. మృగశిర వానలు పడేలోపు దుక్కులు కావాలి. ఆ నాలుగు వారాల కిరాయే మరిదికి ఏడాదికి ఆధారం. రేడియేటర్‌లో పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఉండటం లేదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో ఉంది. టౌన్‌లో ఒక షాపులో చూపిస్తే, మొత్తం బోరు పని చేయాలి, 60 వేలు అవుతుంది, అంత పెట్టేకన్నా అమ్ముకోవడం నయం అన్నారట. మరిది అమ్మేస్తానన్నాడు. అత్తమ్మ ఏడవలేదు, అరవలేదు. పెద్దకొడుకుకు ఫోన్ చేసి, "మీ నాయిన బండి ఒకసారి నువ్వు విప్పి సూడు. గప్పటిదాంక ఎవ్వరు అమ్మద్దు" అని పెట్టేసింది.

ఈయన ఆదివారం ప్లే డే వదులుకున్నారు. రెండు రోజులు సెలవు పెట్టారు. ప్లే డే అంటే రెండింతల మస్టర్. మా ఏరియాలో దాన్ని వదులుకోవడం చిన్న విషయం కాదు.

హెడ్ గ్యాస్కెట్ అంటే ఏంటని మీలో కొందరికి అనిపించొచ్చు. ఇంజన్ మూతకూ కింది దిమ్మకూ నడుమ పరిచే పల్చటి రేకు. లోపల మండే గాలి, పక్క సందుల్లో నీళ్లు, ఇంకో సందులో ఆయిల్. ఈ మూడూ ఒకదాంట్లోకి ఒకటి పోకుండా ఆపేది ఆ రేకే. మన కుక్కర్ గ్యాస్కెట్ పోతే విజిల్ రాదు, అంతే. ఇది పోతే నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి, ఇంజన్ లోపల తోమినట్టు అరిగిపోతుంది. ఊరికే పోదు కూడా. ఇంజన్ విపరీతంగా వేడెక్కితే మూత వంకర తిరిగి, గ్యాస్కెట్ కాలుతుంది. మా బండి రేడియేటర్ జాలి విప్పితే వరిపొట్టు, పత్తి నూగు, మా ఏరియా బొగ్గు దుమ్ము కలిసి అట్టలు కట్టి ఉన్నాయి. గాలి ఎక్కడినుంచి పోతుంది?

మూత తీయాలంటే ముందు దాని మీదున్న ఇంజెక్టర్లు తీయాలి. మెకానిక్‌లు నాజిళ్లు అనే అంటారు. డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ బండిలాగా నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. గాలిని పదిహేను పదహారు వంతులు తగ్గేదాకా నొక్కేస్తారు. ఆ నొక్కుడుకే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్ముతుంది, అది అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఈ ఇంజన్‌ను నడిపి చూపించినప్పుడు డీజిల్ చిమ్మడానికి పెద్ద గాలి కంప్రెసర్ కావలసి వచ్చింది. 1927లో బాష్ కంపెనీ చిన్న పంపులు పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాకే అది లారీలకూ ట్రాక్టర్లకూ తేలికైంది. అదే కంపెనీ బెంగళూరులో 1951లో మైకో పేరుతో మొదలైంది. 2008లో పేరు బాష్ అని మారినా, ఇక్కడి మెకానిక్‌ల నోట ఇంకా మైకో పంపే.

ఈయన నాజిళ్లు విప్పే ముందు నన్ను పిలిచారు. "నాలుగు గుంటల డబ్బానో, ప్లేటో ఏదన్న ఉంటే తే. ఒకదాంది ఒకదాంట్ల కలవద్దు." పాత ఇడ్లీ ప్లేటు ఇచ్చాను. నెయిల్ పాలిష్‌తో మూడు గుంటలకు 1, 2, 3 అని రాశాను. నాజిల్ లోపల ఒక సూది ఉంటుంది. ఆ సూదినీ దాని గొట్టాన్నీ ఒకదానికొకటి అరగదీసి జంటగా కుదురుస్తారట. ఒకదాని సూది ఇంకోదాంట్లో వేస్తే రెండూ పాడే. "మన పెండ్లిళ్ల కన్న గట్టి జంటలున్నయి" అంది మా యారాలు. చాలా రోజుల తర్వాత ఆ వాకిట్లో అందరూ ఒకేసారి నవ్వారు.

తర్వాత గుడ్డ అడిగారు. దూది వేస్ట్ వద్దు, పోగులు రాలని గుడ్డ కావాలి. నాజిల్ కొసన ఉండే రంధ్రాలు రెండు మూడు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. ఒక్క పోగు ఇరుక్కున్నా పని చెడుతుంది. నేను పాత చీరలు వెతుకుతుంటే, అత్తమ్మ లోపలికి వెళ్లి సందుగలోంచి మామయ్య ధోతి తెచ్చింది. ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి మెత్తబడ్డది. "గిది రాలదు" అని పెద్దకొడుకు చేతిలో పెట్టింది. ఆయన ఒక నిమిషం దాన్ని అట్లాగే పట్టుకుని ఉన్నారు. తర్వాత చింపారు. సగం తమ్ముడికిచ్చారు.

నాజిల్ కిందిభాగంలో ఒక రాగి వాషర్ ఉంటుంది, చిన్నపిల్ల ఉంగరం అంత. మంట పైకి రాకుండా ఆపేది అదే, నాజిల్ ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేదీ అదే. నాజిల్‌ను పీకితే ఒక్కోసారి వాషర్ దాంతో రాదు, మసిలో అతుక్కుని రంధ్రంలోనే ఉండిపోతుంది. అందుకని ఒక్కోటీ తీయగానే దాని గుంటలో వేసి లెక్కపెడుతున్నాను. ఒకటో నాజిల్, వాషర్ వచ్చింది. రెండోది, వచ్చింది. మూడోది, వచ్చింది. ఇక రంధ్రాల్లో గుడ్డ కుక్కి మసి కిందికి రాలకుండా గీకడం మొదలుపెట్టారు. రెండో రంధ్రం దగ్గర ఆయన చేయి ఆగింది. టార్చ్ అడిగారు. వంచిన తీగ పెట్టి లాగితే ఇంకో రాగి వాషర్ వచ్చింది. నల్లగా, అణిగిపోయి.

మూడు నాజిళ్లు, నాలుగు వాషర్లు. నేను మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే.

ఎప్పుడో ఎవరో పాత వాషర్ తీయకుండానే దానిమీద కొత్తది వేసి బిగించారు. దాంతో ఆ నాజిల్ వాషర్ మందం మేర పైకి నిలబడింది. ఆ కాస్త తేడాకే డీజిల్ చిమ్మాల్సిన చోట చిమ్మదు. సగం కాలి పొగవుతుంది, మసి పేరుకుంటుంది, బలం తగ్గుతుంది. మరిది గుర్తుచేసుకున్నాడు. రెండేళ్ల కింద పత్తి సీజన్‌లో దారిలో బండి ఆగితే, అక్కడే ఒకతనితో నాజిళ్లు విప్పించాడట. పొగ అప్పటినుంచే.

ఈయన ఆ వాషర్‌ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత మా మధ్యవర్తిత్వం లేకుండా, నేరుగా తమ్ముడితో, "గా పొగ నీ ఓవర్‌లోడ్‌ది గాదుర. నేను ఊకెనే అన్న" అన్నారు. మరిది ఏమీ అనలేదు. చేతిలోని ధోతి ముక్కతో మూడో నాజిల్ తుడుస్తూనే ఉన్నాడు.

పైమసిని డీజిల్‌లో నానబెట్టి ఇత్తడి తీగల బ్రష్‌తో తోమాలి. ఇనుప బ్రష్, గరుకు కాగితం కొసకు తగలనివ్వకూడదు. రంధ్రాల్లో పిన్నీసు అసలే పెట్టొద్దు. లోపలి పని ఇంట్లో అయ్యేది కాదు. అది మంచిర్యాలలో పంపు షాపులో చేయాలి. మరిదితో పాటు నేనూ వెళ్లాను. అక్కడ చేత్తో నొక్కే మీట, దానికో మీటర్ ఉన్న చిన్న యంత్రానికి నాజిల్ బిగించి నొక్కారు. ఒకటోదీ రెండోదీ కడిగాక కిర్‌కిర్‌మని చప్పుడు చేస్తూ సాంబ్రాణి పొగలా చిమ్మాయి. మూడోది చిమ్మడానికి బదులు చుక్కలు కార్చింది. దానికి మాత్రం కొత్త నాజిల్ వేయించాం.

అక్కడ ఒక పిల్లవాడు ఆ పొగలో చేయి పెట్టబోతే షాపు పెద్దాయన గట్టిగా కసిరాడు. ఆ ఒత్తిడి మన స్కూటీ టైరులో ఉండే గాలికి దాదాపు వంద రెట్లు. డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంతే కనబడుతుంది కానీ లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సి రావచ్చు. అట్లా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇంట్లో ట్రాక్టర్ ఉన్నవాళ్లు పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పి ఉంచండి.

మూత కొంచెమే వంగిందన్నారు లేత్ షాపులో. ఫేసింగ్ చేయించాం. మూడో రోజు బిగింపు. కొత్త గ్యాస్కెట్ పరిచి, మూత బోల్టులు నడుమ నుంచి అంచులకు, ఒకేసారి కాకుండా మూడు విడతలుగా బిగించారు. బొంత కుట్టేటప్పుడు ముడత రాకుండా మనం నడుమ నుంచి సర్దుకుంటూ పోయినట్టే. మూత చెక్కినందుకు నాజిల్ ఎంత కిందికి దిగుతుందో కొలిచి చూసుకున్నారు. తర్వాత ఒక్కో రంధ్రంలో ఒక్కటే కొత్త వాషర్. ఇడ్లీ ప్లేటులోంచి అంకె చూసి నేనే అందించాను. డీజిల్ గొట్టాల్లో చేరిన గాలి పోవడానికి పైపు నట్లు వదులుగా ఉంచి మరిది సెల్ఫ్ కొట్టాడు. బుడగలు ఆగి డీజిల్ చిమ్మగానే నట్లు బిగించారు. మళ్లీ సెల్ఫ్. రెండు నిమిషాలు తెల్లపొగ వచ్చింది, తర్వాత గొట్టం శుభ్రంగా అయింది.

ఆ మూడు రోజుల్లో పానా పట్టుకున్నది ఎంతసేపని రాత్రి లెక్కవేశాను. నాలుగో వంతు కూడా లేదు. మిగతాదంతా గీకడం, కడగడం, తుడవడం, వరసలో పెట్టడం. ఆ మాటే అంటే, "మా వర్క్‌షాపుల గూడ అంతే. ముందు కడుగుడు, తర్వాత సూసుడు" అన్నారు ఈయన. ఆ నాలుగో వాషర్ గీకితేనే బయటపడింది. ఓసీలో కడిగే పనికి మస్టర్ పడుతుంది. మనం చేసే అదే పనికి ఎవరూ హాజరు వేయరు. మొత్తం ఖర్చు ఆ షాపువాళ్లు చెప్పినదాంట్లో నాలుగో వంతు లోపే తేలింది. అది చూసిన రోజు నా వంటింటి పనిని నేను కొంచెం వేరే కంటితో చూసుకున్నాను.

వాటాల లెక్క తేలిపోయిందని చెప్పను. ఉద్యోగం ఉద్యోగమే, ట్రాక్టర్ ట్రాక్టరే. ఈ దసరాకు మళ్లీ ఏ మాట వస్తుందో తెలియదు. కానీ కొన్ని రోజులు దున్నాక ఆయిల్ మార్చి, ట్యాపెట్లు చూడాలని ఈయన చెబితే, మరిది తానే ఫోన్ చేసి, "అన్నా, రమ్మంటవా?" అని అడిగాడు. ఇప్పుడు రోజూ పొద్దున రేడియేటర్ నీళ్లు చూడటం, వారానికోసారి జాలి దులపడం మా యారాలు చూసుకుంటోంది.

ధోతి ముక్కలు రెండుసార్లు సోడా వేసి ఉతికాను. డీజిల్ వాసన పోలేదు. పారేయనా అని అత్తమ్మను అడిగితే వద్దంది. ఒకటి ట్రాక్టర్ సీటు కింద పెట్టింది, ఇంకోటి మా ఆయన డ్యూటీ సంచిలో.