బొగ్గు గడ్డ మీద నల్ల ప్లేట్లు

గోదావరిఖనిలో ప్లేటు పెట్టి పాట వినాలంటే ముందు ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ ఎప్పుడో తెలిసి ఉండాలి. మధ్యాహ్నం మందు పేల్చినప్పుడు దగ్గరి కాలనీల్లో కిటికీ అద్దాలు గలగలమంటాయి, అల్మారాలో గిన్నెలు కదులుతాయి. తిరుగుతున్న ప్లేటు మీద ముల్లు ఆ అదురుకు ఎగిరి పడుతుంది. అలా పడితే గాడి మీద గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు.

ఈ అదురును ఆపడానికి ఎయిట్ ఇంక్లైన్ కాలనీ వైపు ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ చేసుకున్న ఏర్పాటు చూడాలని రామగుండం స్టేషన్లో దిగి ఆటో ఎక్కాను. ఆయన భూగర్భ గనిలో కేబుళ్లు, మోటార్లు, స్విచ్చులతో ఉద్యోగకాలమంతా గడిపిన మనిషి. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత రికార్డ్ ప్లేయర్లు బాగు చేస్తారు. కరీంనగర్, మంచిర్యాల నుంచి జనం తెచ్చి ఇస్తారు, హైదరాబాద్ నుంచి పార్సిల్లో వస్తాయి. "బాయిల మోటరు పెద్దగుండె, ఇక్కడ చిన్నగున్నది. అంతే గద సారు" అన్నారు, విప్పి పెట్టిన హెచ్‌ఎంవీ ఫియస్టా చూపిస్తూ.

ఏర్పాటు ఇది. నేల మీద ఇటుకల అరుగు. దాని మీద మూడు పొరలుగా కోసి పరిచిన కన్వేయర్ బెల్టు ముక్కలు. వాటి మీద షాబాదు బండ, బండ మీద ప్లేయర్. బొగ్గు మోసి మోసి అరిగి తుక్కుకు పోయిన బెల్టు అది. లోపల నేత గుడ్డ, పైన దళసరి రబ్బరు. పాత సామాను వ్యాపారి దగ్గర తూకానికి కొన్నారట. రబ్బరు అదురును మింగేస్తుంది, దాటి వచ్చిన కాస్తను బండ బరువు అణచేస్తుంది. నేను ఉండగానే ఒకసారి బ్లాస్టింగ్ జరిగింది. రేకులు దడదడలాడాయి. ప్లేటు మీద ముల్లు కదల్లేదు.

రెండో శత్రువు దుమ్ము. ఎల్పీ గాడి వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉంటుంది. అందులో బొగ్గు పొడి చేరితే చిటపటలు తప్ప పాట వినిపించదు. ఆయన ప్రతి ప్లేటునూ డిస్టిల్డ్ వాటరులో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి కడిగి, మెత్తని గుడ్డతో గాడి వెంబడే తుడిచి, నిలబెట్టి ఆరబెడతారు. పాత 78 ఆర్పీఎం ప్లేట్లకు మాత్రం ఆ ద్రవం చుక్క తాకనివ్వరు. అవి లక్కతో చేసినవి. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, దానితోపాటే పాటా పోతుంది. సియాల్దాలో 1908లో మొదలై, 1928లో డమ్‌డమ్‌కు మారిన గ్రామఫోన్ కంపెనీ కార్ఖానా నుంచి తెలుగు నాటక పద్యాలు, హరికథలు, బుర్రకథలు లక్క ప్లేట్లుగానే మన ఊళ్లకు చేరాయి. ఆయన అల్మారా అడుగు వరుసలో అవి ఉన్నాయి. పై వరుసలో ఘంటసాల భగవద్గీత ఎల్పీ. బాయిలో, అంటే గనిలో, నౌకరీ దొరికిన తర్వాత జీతం డబ్బుతో కొన్న మొదటి ప్లేటు అదేనన్నారు.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం నడుమ వరుస. ఆయన బిడ్డ డెట్రాయిట్ దగ్గర ఉంటుంది. ఇంటికి వచ్చినప్పుడల్లా చీరల మడతల మధ్య పెట్టి కొత్త ప్లేట్లు తెస్తుంది. సోల్, డీప్ హౌస్, ఇంకా ఏ కోవకూ చెందని ప్రయోగ సంగీతం. అవి కొత్త ప్లేట్లంటే నిజంగా కొత్తవే. కొన్ని ఈ మధ్య చేసిన పాటలు, కొన్ని పాత పాటలను మళ్లీ అచ్చొత్తినవి. అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల వినైల్ ప్లేట్లు అమ్ముడయ్యాయి, సీడీలు 3 కోట్ల 30 లక్షలు. సంఖ్యలో ప్లేట్లు సీడీలను దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి.

డెట్రాయిట్ కార్ల కార్ఖానాల ఊరు. సోల్ పాటలను లోకమంతా వినిపించిన మోటౌన్ కంపెనీని బెరీ గోర్డీ అక్కడే 1959లో పెట్టాడు. అంతకు ముందు ఆయన లింకన్-మెర్క్యురీ కార్ల అసెంబ్లీ లైనులో కూలి చేశాడు. 1965 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న ఆర్చర్ అనే ప్లేట్ల కార్ఖానా ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. డెట్రాయిట్ టెక్నో, హౌస్ ప్లేట్లు ఎన్నో అందులోంచే వచ్చాయి. అంటే పాట పుట్టిన ఊళ్లోనే ప్లేటూ తయారైంది. షెడ్డులో ఉన్నంతసేపూ ఈ సంగతి నన్ను వదల్లేదు.

ఆదివారాల్లో ఆ షెడ్డుకు ఇరుగుపొరుగు వస్తారు. నేను వెళ్లిన రోజు ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే యువకుడు ఒకరు, ఐటీఐ చదివే పిల్లలు, గనిలో సర్దార్‌గా చేసి దిగిపోయిన పెద్దాయన వచ్చారు. ఏది ముందు పెట్టాలో చెప్పేది ఇంటామె. ఆమె తీసిన ప్లేటు బిల్ విదర్స్ పాడిన 'జస్ట్ యాజ్ ఐ యామ్'.

ఈ గాయకుడి గురించి కాస్త ఆగి చెప్పాలి. బిల్ విదర్స్ 1938లో వెస్ట్ వర్జీనియాలోని స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు ఊళ్లో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. కొడుకుకు పదమూడేళ్లప్పుడు చనిపోయాడు. చిన్నప్పుడు విదర్స్‌కు నత్తి ఉండేది. నేవీలో చేరి, బయటికొచ్చి, లాస్ ఏంజెలెస్‌లో విమానాల విడిభాగాల కార్ఖానాలో కూలికి చేరాడు. 1971లో ఆయన మొదటి ఎల్పీ వచ్చేనాటికి వయసు ముప్పై దాటింది. అప్పటికీ ఆ కార్ఖానా పని మానలేదు. అట్ట మీద ఉన్న ఫొటో ఆ కార్ఖానా దగ్గర తీసిందే. చేతిలో లంచ్ డబ్బా ఉంటుంది. మరుసటి ఏడు వచ్చి ఊరూరా మారుమోగిన 'లీన్ ఆన్ మీ' స్లాబ్ ఫోర్క్ జనం ఒకరికొకరు నిలబడిన తీరును తలచుకుని కట్టిన పాట.

నేను ఇంగ్లిష్ పాటను మనవాళ్లకు విడమరచి చెబుదామని నోరు తెరిచాను. సర్దార్ పెద్దాయన అట్ట చేతిలోకి తీసుకుని ఆ లంచ్ డబ్బా వైపే చూస్తున్నారు. "ఈయన కూడ డ్యూటీకే వొయ్యేటోడు" అన్నారు. విడమరచాల్సిన పని లేకపోయింది.

తర్వాత పెట్టింది లారీ హర్డ్ ప్లేటు. చికాగోలో 1980లలో హౌస్ సంగీతం పుట్టింది. అందులో నెమ్మదైన, లోతైన ధోరణికి డీప్ హౌస్ అన్న పేరు స్థిరపడటానికి 'మిస్టర్ ఫింగర్స్' పేరుతో 1986లో ఆయన చేసిన 'కెన్ యు ఫీల్ ఇట్' పెద్ద కారణం. ఒక కీబోర్డు, ఒక డ్రమ్ మెషీను, అంతే సరంజామా. ఆ షెడ్డులో ఉన్నది 2018లో వచ్చిన 'సెరిబ్రల్ హెమిస్ఫియర్స్'. డంపర్ నడిపే యువకుడు కళ్లు మూసుకుని విన్నాడు. రాత్రి షిఫ్టులో క్యాబిన్‌లో ఒక్కడే కూర్చున్నప్పుడు సీటు కింది నుంచి ఇంజిన్ ఒంట్లోకి ఎక్కినట్టుంది అన్నాడు. ఈ సంగీతం మీద నేను చదివిన ఏ సమీక్షా అంత సరిగ్గా చెప్పలేదు.

ఇలాంటి పాటలకు పన్నెండు అంగుళాల ప్లేటే ఎందుకు కావాలో ఇంటాయన భూతద్దం ఇచ్చి చూపించారు. బేస్ స్వరం గాడిని పక్కలకు వెడల్పుగా ఊపుతుంది. ఊపుకు చోటు లేకపోతే పక్క గాడిని కోసేస్తుంది. అందుకే అచ్చు కోసేటప్పుడు బేస్‌ను తగ్గించి చెక్కుతారు, వినేటప్పుడు ఆంప్లిఫయర్ తిరిగి పెంచుతుంది. డాన్స్ పాటలకైతే పన్నెండు అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు ఒకటి రెండు పాటలే ఇచ్చి, చాలాసార్లు 45 వేగంతో తిప్పుతారు. గాడులు దూరం దూరంగా, లోతుగా ఉంటాయి. భూతద్దంలో అవి అలలు అలలుగా కనిపించాయి.

"ఇంతకూ ఈ ప్లేటు దేంతో చేస్తరో ఎరుకేనా?" అని ఐటీఐ పిల్లలను అడిగారాయన. ప్లాస్టిక్ అన్నారు వాళ్లు. పీవీసీ. దాని పుట్టుక బొగ్గు దగ్గరకే పోతుంది. కోక్ బొగ్గును, సున్నాన్ని కొలిమిలో కాలిస్తే కార్బైడ్ వస్తుంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడేది, ఒకప్పుడు గనుల్లో దీపాలు వెలిగించినది అదే. దానికి నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. అందులోంచి వినైల్ క్లోరైడ్, అందులోంచి పీవీసీ. తర్వాత చాలా దేశాలు పెట్రోలియం దారికి మళ్లాయి, చైనా మాత్రం ఇప్పటికీ పెద్ద ఎత్తున బొగ్గు నుంచే చేస్తోంది. పీవీసీకి సొంత రంగు లేదు. నలుపు కోసం మసి లాంటి కార్బన్ బ్లాక్ కలుపుతారు. బొగ్గు నుంచి 1980 మొదలు 1999 దాకా యూరియా తీసిన రామగుండంలో ప్లేటుకు మూలం బొగ్గేనన్న మాట ఎవరికీ వింతగా తోచదు.

ప్రయోగ సంగీతం వంతు వచ్చేసరికి పిల్లలు కాస్త ఇబ్బంది పడ్డారు. ముందు పెట్టిన ప్లేటు కథ ఇది. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో మూగ్ సింథసైజర్ పెట్టి మనవాళ్లు చేసిన ఎలక్ట్రానిక్ ధ్వనుల టేపులు దశాబ్దాల పాటు మూలన పడి ఉండి, 2023లో ప్లేట్లుగా వచ్చాయి. పరిశోధకుడు పాల్ పుర్గస్ వాటిని వెలికి తీశాడు. ఆ కీచుధ్వనులు నాకూ అన్నీ రుచించలేదు. కానీ టేపు దొరకడం, శుభ్రం కావడం, ప్లేటు కావడం అన్న వరుస నాకు ముఖ్యం. దాని కోసమే ఆ ప్లేటు చివరిదాకా విన్నాను.

ఆ వెంటనే ఇంటామె పెట్టినది యోహాన్ యోహాన్సన్ స్వరపరచిన 'ది మైనర్స్ హిమ్స్'. ఇంగ్లండులోని డరమ్ బొగ్గు గనుల మీద బిల్ మారిసన్ పాత ఫిల్ము ముక్కలతో కూర్చిన చిత్రానికి 2011లో వచ్చిన సంగీతం. డరమ్ కెథడ్రల్లోనే రికార్డు చేశారు. పొడుగాటి ఊపిరితో ఊదే ఇత్తడి వాద్యాలు. ఆ గనుల ఊళ్లలో యూనియన్ లాడ్జిలకు జెండాలు, బ్యాండ్లు ఉండేవి; 1871 నుంచి ఏటా వాటితో ఊరేగింపు తీస్తున్నారు. సరిగ్గా ఆ 1871లోనే ఇక్కడి సింగరేణి ప్రాంతంలో ఇల్లెందు దగ్గర డాక్టర్ విలియం కింగ్ బొగ్గు పొరను గుర్తించాడు. డరమ్‌లో గనులు 1990ల మొదట్లోనే మూతపడ్డాయి. బ్యాండు ఆగలేదు. పాట ప్లేటు మీదికి ఎక్కింది. బ్రిటన్‌లో 1984-85 గని కార్మికుల సమ్మె నడుస్తున్న రోజుల్లో సౌత్ వేల్స్ సమ్మె కార్మికుల గాయక బృందం కూడా టెస్ట్ డిపార్ట్‌మెంట్ అనే ప్రయోగ బృందంతో కలిసి ఎల్పీ చేసింది.

ప్లేటు ఆగాక ఎవరూ లేవలేదు. "మనది ఏదే?" అన్నారు సర్దార్ పెద్దాయన.

ఆ అల్మారాలో మనది లేదు. వందల ప్లేట్లలో సింగరేణి బాయి పాట ఒక్కటీ లేదు. పాట లేక కాదు. తట్టా చెమ్మాస్‌తో బొగ్గు టబ్బులు నింపిన కాలంలో ఫిల్లర్ల గుంపులు పాటతోనే పని లాగేవి. మిషన్లు వచ్చి చేతి నింపుడు పోయింది, ఓపెన్‌కాస్టులు పెరిగి గుంపు చెదిరింది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. పని పాట ఆ లెక్కతోపాటే తరిగింది. సభల పాట వేరే దారి పట్టింది. గద్దర్ గొంతు, ఈ గోదావరి తీరం నుంచే వచ్చిన గూడ అంజయ్య పాట, 2011 సకల జనుల సమ్మెలో గనుల మీద ధూంధాం, ఇవన్నీ క్యాసెట్ల మీద, తర్వాత ఫోన్లలో తిరిగాయి. బతుకమ్మ నాడు కాలనీ ఆడవాళ్లు బాయిలో పోయినవాళ్ల పేర్లు కలిపి పాడిన పాటలూ ప్లేటు మీద లేవు.

ఇంటాయన బీరువా కింది నుంచి అట్టపెట్టె లాగారు. క్యాసెట్లు. గేటు మీటింగుల్లో, కాలనీ పండుగల్లో, ఎవరింటి అరుగు మీదో టేప్‌రికార్డర్ పెట్టి పట్టినవి. కొన్నిటి మీద పేరుంది, కొన్నిటి మీద బాయి నంబరు మాత్రమే ఉంది. కొన్నిటి టేపు మీద తెల్లగా బూజు పట్టింది. ఒకటి వినిపించమని అడిగాను. ఒప్పుకోలేదు. బూజు ఉన్న టేపును వాయిస్తే బూజు హెడ్డుకు అంటుతుంది, అక్కడి నుంచి మిగతా టేపులన్నిటికీ పాకుతుంది. సాగిన టేపు తెగుతుంది. "ఒక్కసారే ఆడుతది కావొచ్చు. ఆ ఒక్కసారి సరిగ్గ పట్టుకోవాలె" అన్నారు. ఆ మాటతో నాకు పూర్తి ఏకీభావం.

ఆ పాటలతో ప్లేటు చేయించడం ఇప్పుడు మన దేశంలో కాని పని కాదు. దశాబ్దాల విరామం తర్వాత 2024లో ముంబైలో సాజీ పిళ్లై వినైల్ ప్రెస్సు మొదలుపెట్టారు. మెత్తని పూత ఉన్న పలక మీద గాడి కోసి, దానికి నికెల్ పూత పోసి అచ్చు తీసి, వేడి పీవీసీ ముద్దను ఆ అచ్చుల మధ్య పెట్టి నొక్కి, నీళ్లతో చల్లార్చడమే పద్ధతి. కొన్ని వందల ప్లేట్లు తీస్తే చాలు. ఏటా డిసెంబరు 23న ఆవిర్భావ దినోత్సవం జరుపుకునే సింగరేణి కంపెనీకి ఇది పెద్ద ఖర్చు కాదు. కార్మిక సంఘాలు చందా వేసుకుని చేసినా అవుతుంది. ఎవరు చేసినా పాడినవాళ్ల పేర్లు అట్ట మీద ఉండాలి, ప్రతి ఒక్కటీ ఏ గనిదో రాయాలి. కంపెనీ గొప్పలు చెప్పే పాటలతో నింపితే అది మాకు వద్దు.

అంతకు ముందు చేయాల్సింది మన ఇళ్లలో ఉంది. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, కొత్తగూడెం, ఇల్లెందు, భూపాలపల్లి, ఎక్కడి క్వార్టర్లో అయినా మీ నాన్నదో తాతదో పాత క్యాసెట్ ఉంటే పారేయకండి. చేతికందిన టేప్‌రికార్డర్లో పెట్టి వాయించకండి. ఎండ, తేమ, స్పీకర్ల అయస్కాంతం తగలని చోట నిలబెట్టి ఉంచండి. పాడింది ఎవరో, ఏ బాయో, ఏ ఏడో తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఈ వారమే అడిగి, కాగితం మీద రాసి, ఆ క్యాసెట్ డబ్బాలో పెట్టండి.